అగ్రిమెంటులో రాయని రెండు సెంట్లు

మా నాన్న నుంచి నాకు సంక్రమించిన ఆస్తి ఆయన గొంతు ఒక్కటే. ఆయన తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో ఉపదేశిగా పనిచేశారు. పాస్టరు అయ్యగారు రాలేని ఆదివారాల్లో వాక్యం చెప్పి, పెళ్ళికీ చావుకీ ముందుండి ప్రార్థన చేసే మనిషి. ఎంత ఏడుస్తున్న ఇల్లయినా ఆయన ప్రార్థన మొదలుపెడితే నెమ్మదించేది. అదే గొంతుతో నేను భూముల వ్యాపారంలో మొదటి బేరం కుదుర్చుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఇది దాచి మిగతాదంతా రాస్తే ఎవరికి కావాలి?

పన్నెండేళ్ళు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేశాను. పిల్లలు తగ్గారు, జీతాలు ఆలస్యమయ్యాయి, చివరికి కాలేజీయే మూతపడింది. నలభై దగ్గర పడ్డ గుమాస్తాని ఎవరు పిలిచి ఉద్యోగమిస్తారు? నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాక మా ఆవిడ మొహం చూసి మాట్లాడటం మానేశాను. అప్పుడు మా వీధి చివర టిఫిన్ కొట్టులో రోజూ కనిపించే ఒక పెద్దాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా పొలాలూ స్థలాలూ బేరాలు పెట్టిస్తున్న మనిషి.

"తమ్ముడూ, నీ దగ్గర డబ్బుందా?" అన్నాడు.

"లేదండి."

"పొలం?"

"అదీ లేదండి."

"అయితే నువ్వు పనికొస్తావు. ఉన్నోడు కొనుక్కుని కూర్చుంటాడు. లేనోడే తిరుగుతాడు."

ఆయన చెప్పిన పని వినడానికి తేలిక. డబ్బు అవసరం పడ్డవాళ్ళ పొలం చూసి, కొద్దిగా అడ్వాన్సు ఇచ్చి, మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాయించుకోవాలి. 'మీకు గాని, మీరు చూపినవారికి గాని రిజిస్టరు చేయించగలము' అన్న ముక్క అందులో తప్పకుండా ఉండాలి. గడువు లోపల ఎక్కువ ధర పెట్టే మనిషిని వెతికి, నేరుగా అతని పేరునే రిజిస్ట్రేషన్ చేయించి, తేడా మనం తీసుకోవాలి. "పొలం నీది కాదు, డబ్బు నీది కాదు, మధ్యలో ఉన్న మూడు నెలలే నీవి" అనేవాడు. మా పెద్దలు దీన్ని మారుబేరం అనేవారు. ఈమధ్య ఫోనుల్లో కోట్లు వేసుకున్న కుర్రాళ్ళు దీనికే ఇంగ్లీషు పేరు పెట్టి, పెట్టుబడి లేని వ్యాపారమని పాఠాలు చెబుతున్నారు. పెట్టుబడి ఎందుకు లేదు? ఉంది. అది అవతలివాళ్ళ కష్టం.

మొదటి ఆరు నెలలూ బండికి పెట్రోలు దండగ. చేబ్రోలు దగ్గర ఒక మాగాణి చూసుకుంటే నా వెనకే ఇంకొకడొచ్చి ఎగరేసుకుపోయాడు. కర్లపాలెంలో ముగ్గురన్నదమ్ముల పొలం కుదిరినట్టే కుదిరింది, తీరా సంతకాల రోజు మూడోవాడు భార్య వద్దందని ఫోను ఆపేశాడు. ఈ తిరుగుడులో నాకు వచ్చిందల్లా ఒక పాడు చూపు. చావు ఇంటికి పలకరింపుకి వెళ్ళినా, శవం వైపు చూడకముందే వీళ్ళకి పొలం ఎంతుంది, పంచుకుంటారా, అమ్ముతారా అని లెక్క వేసుకునేవాణ్ణి.

పెద్దాయనకి నా మీద చిరాకు వచ్చింది. "పొలాన్ని వెతుకుతావేంట్రా? అవసరాన్ని వెతుకు. పొలం దాని వెనకాలే ఉంటది" అన్నాడు.

ఆ ఆదివారం గుడిలో ఆరాధన చివర, ఎప్పటిలాగే, ప్రార్థన మనవులు చదివారు. ఫలానా సహోదరికి కాన్పు, ఫలానావారి అబ్బాయికి ఉద్యోగం. తలలన్నీ వంగి ఉన్నాయి. "పిట్టలవానిపాలెం దగ్గర కాపురముంటున్న, కీర్తిశేషులైన మాస్టారుగారి భార్య. వారి కుమార్తెకు గుండె కవాటం మార్చాల్సి ఉన్నది. ఆర్థిక అవసరత నిమిత్తమై ప్రార్థించండి" అని చదివారు. సంఘమంతా ఆ కూతురి కోసం ప్రార్థిస్తుంటే నేను కళ్ళు తెరిచి పాటల పుస్తకం వెనక అట్ట మీద ఆ ఊరి పేరు రాసుకున్నాను. ప్రతి ఆదివారం ఇన్ని అవసరాలు చదివి వినిపిస్తుంటే ఇన్నాళ్ళూ పెట్రోలెందుకు తగలేశానా అనిపించింది. నిజంగానే అలా అనిపించింది.

మరునాడే వెళ్ళాను. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, శుభ్రమైన తెల్ల చీరలో గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. "వందనాలండి పెద్దమ్మగారూ" అన్నాను. ఆ పలకరింపుతోనే మనవాడే అనుకుని చాప వేసింది. నాన్న పేరు చెబితే కళ్ళు మెరిశాయి. వాళ్ళాయన భూస్థాపనకి ప్రార్థన చేసింది నాన్నేనట.

మాస్టారు రిటైరైన డబ్బుతో ఆమె పేరున కొన్న పొలం ఎకరం పది సెంట్లు. రోడ్డుకి దగ్గర, కాలవ నీళ్ళు. నన్ను గట్టు వెంట నడిపించుకుంటూ తీసుకెళ్ళి ఈశాన్యం మూల ఆగింది. అక్కడ రెండు సెంట్ల మెరక ఉంది. మెరక మీద ఇటుకలు కట్టి సిమెంటు పూసిన సమాధి, తలవైపు సిలువ. ఊళ్ళో వీళ్ళ శ్మశానం మురుగు కాలవ పక్కనుంది. వానాకాలమంతా మోకాలి లోతు నీళ్ళు. మాస్టారు పోయింది అట్లాంటి వానల్లోనే. గొయ్యి తవ్వితే నీళ్ళూరుతున్నాయని తెచ్చి సొంత పొలంలో పెట్టుకున్నారు.

"ఇది మాత్రం అమ్మనయ్యా" అంది. "పొలమంతా తీసుకో. ఈ రెండు సెంట్లూ వదిలెయ్. ఆయన పక్కన నాక్కూడా చోటుంచుకున్నాను. ఇదిగో, ఇక్కడ." కాలితో చూపించింది. మంచం వేసుకునే చోటు చూపించినంత మామూలుగా చూపించింది.

"దానికేముందండి పెద్దమ్మా, అలాగే" అన్నాను.

ధర దగ్గర మాత్రం నేను తొందరపడలేదు. ఆపరేషన్ తేదీ మాటల్లో ఆమే చెప్పింది. ఆ తేదీ దగ్గర పడేకొద్దీ ఆమె ధర దిగుతుందనీ తెలుసు. చూసి చెబుతానని వచ్చి పది రోజులు ఫోను చేయలేదు. పదకొండో రోజు ఆమే చేసింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ పది రోజులూ నేను పిల్లిని కూడా కాదు. అడ్వాన్సు కోసం మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టడానికి బ్యాంకు చుట్టూ తిరుగుతున్నాను.

అగ్రిమెంటు రోజు బాపట్ల వెళ్ళే ముందు ఆమె ఇంట్లో అందరం కూర్చున్నాం. ఆమె, ఊళ్ళో గుడి పెద్ద ఒకాయన, సాక్షి సంతకానికి వచ్చిన పక్కింటాయన, నేను. మావాళ్ళలో ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందు ప్రార్థన చేసుకోవడం అలవాటు. "మీ నాన్నగారి గొంతు విని ఎన్నాళ్ళయిందో. నువ్వు చెయ్యి నాయనా" అంది.

చేశాను. నాన్న ఎక్కడ గొంతు తగ్గించేవారో అక్కడ తగ్గించాను, ఎక్కడ ఆగేవారో అక్కడ ఆగాను. "ప్రభువా, నీ దాసుడు నిద్రిస్తున్న ఆ చోటును నీవే కాపాడు తండ్రీ. ఆయన పక్కన ఈ తల్లి కోరుకున్న స్థలం మీద ఎవరి చేయీ పడకుండా నీవే కంచెగా ఉండు" అన్నాను. ఆమె వెక్కి వెక్కి ఏడ్చి ఆమేన్ అంది. కాపాడే పనిని దేవుడికి అప్పగించి నేను తప్పుకున్నానని అక్కడ ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది. ఆలోచించుకునే ఆ మాటలు వాడాను.

బాపట్లలో దస్తావేజులు రాసే ఆయన హద్దులు రాస్తూ తలెత్తి, "మొత్తం ఎకరం పది సెంట్లూనాండి? ఏమైనా మినహాయింపులున్నాయా?" అని అడిగాడు.

నేను చెప్పాలి. నోరు తెరవలేదు. రెండు సెంట్లు మినహాయించి రాస్తే, అందులోనూ సమాధి ఉందని రాస్తే, ఆ మూలకి దారి కూడా రాయాలి. అప్పుడు ఆ కాగితాన్ని ఎవరు కొంటారు?

గుడి పెద్ద గొంతు సవరించుకుని, "అదేనండి, ఆ మూల..." అన్నాడు.

పెద్దమ్మే అడ్డుపడింది. "ప్రార్థనలో చెప్పుకున్నాం కదండి. దేవుడి ముందు పలికిన మాటకి మళ్ళీ స్టాంపు కాగితం దేనికి? రాయిస్తే ఆ అబ్బాయిని అనుమానించినట్టుంటది."

గుడి పెద్ద అవునన్నట్టు తలూపాడు. వకీలు గుమాస్తా అయినా, షావుకారైనా ఆ పొరపాటు చేయడు. మావాళ్ళే చేస్తారు. ప్రార్థనలో అన్నమాట కాగితం కంటే గట్టిదని మేం చిన్నప్పటినుంచీ నమ్ముతాం. నేనూ నమ్మినవాణ్ణే, అందుకే ఆ మాట ఎంత పనిచేస్తుందో నాకు తెలుసు. ఆమె పొందికైన అక్షరాలతో సంతకం పెట్టింది.

రెండు నెలలు గడిచినా ఒక్కడూ రాలేదు. గడువు దాటితే అడ్వాన్సు పోతుంది, గొలుసు పోతుంది. చివరికి పెద్దాయనే రేపల్లె నుంచి ఒకాయన్ని పంపించాడు. రొయ్యల చెరువులు వేసే మనిషి, మంచివాడే. గట్ల మీద నడిచి, నీళ్ళు చూసి, మట్టి వేళ్ళతో నలిపి, మూల దగ్గర ఆగాడు.

"ఇదేంటి, సమాధా?"

"పాతదండి. వాళ్ళు తీసుకెళ్ళి ఊరి శ్మశానంలో పెట్టుకుంటామన్నారండి."

అంత అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకే తెలియదు. ముందుగా అనుకున్నది కూడా కాదు.

"అయితే సరే. నాకు చెరువు నాలుగు పలకలుగా రావాలి. నేను పని మొదలెట్టేలోపు తీయించెయ్యండి. చచ్చినవాళ్ళ జోలికి పోవడం నాకిష్టం ఉండదు" అన్నాడు.

ఆ సాయంత్రం పెద్దాయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఇడ్లీ చట్నీలో ముంచుకుంటూ, "రెండు సెంట్ల కోసం ఎకరం పోగొట్టుకుంటావా? రిజిస్ట్రేషన్ అయ్యాక వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు. నీకేంటి సంబంధం? నువ్వు ఆ దస్తావేజులోనే లేవు" అన్నాడు. నిజమే. ఈ వ్యాపారంలో గొప్పతనమంతా అదే. అమ్మిందీ నేను కాదు, కొన్నదీ నేను కాదు.

రిజిస్ట్రేషన్ రోజు ఆమె కొన్నాయన్ని మొదటిసారి చూసింది. చేతులు జోడించి, "బాబూ, ఆ మూల సంగతి..." అని మొదలుపెట్టింది.

"నేను చెప్పానండి పెద్దమ్మా. అంతా మాట్లాడాను" అన్నాను మధ్యలో. ఆయనా తలూపాడు, తనకు చెప్పిన సంగతి అనుకుని. ఇద్దరూ ఒకరికొకరు నమస్కారం పెట్టుకున్నారు. ఆమె నా తల మీద చేయి వేసి దీవించింది.

డబ్బు అందింది. కూతురికి ఆపరేషన్ జరిగింది, బతికింది. నాకు రావాల్సింది నాకొచ్చింది. గొలుసు విడిపించి మా ఆవిడ మెడలో వేస్తే ఏడాది తర్వాత నవ్వింది. ఆ రోజు నేను సంతోషంగానే ఉన్నాను. పశ్చాత్తాపంతో కుమిలిపోయానని రాస్తే బాగుంటుంది గానీ, అది నిజం కాదు. రాత్రి కోడికూర తిని హాయిగా నిద్రపోయాను.

పెద్దమ్మ ఇల్లు తాళం వేసి, కూతుర్ని చూసుకోవడానికి రేపల్లె వెళ్ళిపోయింది. రెండో నెలలో అటువైపు ఇంకో పొలం చూడటానికి వెళ్తుంటే పొక్లెయిన్ చప్పుడు వినిపించింది. మూల మెరక లేదు. సిలువ లేదు. బండి ఆపలేదు. వారం తర్వాత ఉండబట్టలేక మళ్ళీ వెళ్ళి చెరువు కాపలా మనిషిని అడిగాను.

"ఆ మట్టంతా ఏం చేశారయ్యా?"

"గట్టు వేశామండి. మీరు తీయించేస్తామని చెప్పారంట కదా. తవ్వితే పెట్టె లోపల ఇంకా ఉందండి. మేమేం చేస్తాం, గట్టులోనే కలిపేశాం" అన్నాడు. ఉపదేశి కొడుకుని. ఆ గట్టు మీద చెప్పులతో నిలబడి ఉన్నాను.

ఈస్టరు ముందు మావాళ్ళు సమాధులు శుభ్రం చేసి, సున్నం వేసి, తెల్లవారుజామున కొవ్వొత్తులు పెడతారు. ఆ ఏడు ఈస్టరుకి వారం ముందు పెద్దమ్మ ఫోను చేసింది.

"నాయనా, నా మోకాళ్ళు కదలనివ్వట్లేదు. అమ్మాయిని బస్సెక్కించలేను. మాస్టారికి సున్నం వేయిస్తావా?"

"వేయిస్తానండి" అన్నాను.

తెనాలి వచ్చే ఎవరో ఒకామె చేత అయిదు వందలు పంపింది. తీసుకోకపోతే ఎందుకని అడుగుతుంది. తీసుకున్నాను. ఆదివారం దాన్ని కానుకల పళ్ళెంలో వేశాను. దేవుడితో కూడా మారుబేరమే.

మరుసటి ఏడాది మళ్ళీ అయిదు వందలు వచ్చాయి. ఈసారి, "ఒక ఫోటో తీసి పంపు నాయనా, అమ్మాయి ఫోనులో చూసుకుంటాను" అంది. తెనాలి సమాధుల తోటకి వెళ్ళి, కొత్తగా సున్నం వేసిన ఎవరిదో సమాధి, పేరు కనపడకుండా పక్కనుంచి ఫోటో తీసి పంపాను. మధ్యాహ్నానికి ఫోను వచ్చింది.

"చూశానయ్యా. బాగుంది. సిలువ కాస్త ఒరిగినట్టుంది, పర్లేదులే. నా చోట గడ్డి పెరగనివ్వకు" అంది.

ఎన్నిసార్లు చెప్పేద్దామనుకున్నానో. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. దొరకని దొంగకి దొరతనం ఏమీ ఉండదు, ఫోను మోగినప్పుడల్లా ఉలికిపాటు తప్ప. అయినా చెప్పలేదు. ఈలోగా ఇంకో అయిదారు బేరాలు చేశాను. చేయి తిరిగింది. పెద్దాయన నన్ను చూపించి కొత్తవాళ్ళకి, వీడు ఏమీ లేకుండా మొదలుపెట్టాడని చెప్పేవాడు.

కిందటేడు వానల్లో, పొద్దున్న ఏడింటికి, రేపల్లె నుంచి ఫోను. కూతురు.

"అమ్మ తెల్లవారుజామున పోయిందండి. పొలంలో నాన్న పక్కన చోటు సంగతి మీకు తెలుసని ఎప్పుడూ చెప్పేది. ఆ చెరువులాయనతో మీరొక మాట చెప్పి గొయ్యి తవ్వించండి. మధ్యాహ్నానికి తీసుకొచ్చేస్తాం."

ఏమన్నానో గుర్తులేదు. ఫోనులో చెప్పలేక వానలోనే బండి తీశాను.

ఇంటి ముందు టార్పాలిన్ కింద పెట్టె పెట్టారు. చుట్టూ పాటలు పాడుతున్నారు. కూతుర్ని నేను చూడటం అదే మొదటిసారి. నలభై అయిదేళ్ళుంటాయి, అచ్చం తల్లి మొహం. నన్ను చూడగానే లేచి వచ్చింది. పక్కన అక్కడి సంఘ పెద్ద ఉన్నాడు.

"అక్కా," అన్నాను, "ఆ చోటు లేదు."

"నీళ్ళొచ్చాయా?"

"లేదక్కా. చెరువు తవ్వినప్పుడే తీసేశారు. రిజిస్ట్రేషన్ అయిన రెండో నెలలోనే."

పాట ఆగింది.

"నాన్న?" అంది.

"గట్టులో కలిపేశారంట."

"మరి ఫోటో?"

అడుగుతుండగానే ఆమెకి అర్థమైంది. అరుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. కొంగు పట్టుకుని ఛాతీ మీద నొక్కుకుంటూ నిలబడిపోయింది.

"అయితే నా ఆపరేషన్‌కి అమ్ముకుంది పొలం కాదన్నమాట" అంది చివరికి. "నాన్ననన్నమాట."

ఎవరో ఏడుస్తూ ఆమెను కూర్చోబెట్టారు. సంఘ పెద్ద నా వైపు చూడకుండా, గాలితో చెబుతున్నట్టు చెప్పాడు. పెద్దమ్మ పేరు ఇంకా పొలమున్న ఊరి గుడి సభ్యుల పుస్తకంలోనే ఉందట. ఇక్కడికి మార్పించుకోమని రెండుసార్లు చెప్పినా, ఆయన పక్కనే పెట్టాలి కదా, మారిస్తే ఎలా అని ఒప్పుకోలేదట. ఇక్కడి సమాధుల తోటలో ఉన్నవాళ్ళకే చోటు చాలక ఒకరి మీద ఒకర్ని పెడుతున్నారు, కమిటీ కూర్చోవాలి అన్నాడు. ఆ ఊరి శ్మశానం సంగతి నాకు తెలుసు. వారం రోజులుగా వాన.

అప్పటికే వ్యాను వచ్చి ఉంది. ఇవేవీ తెలియని డ్రైవరు తల మీద కండువా కప్పుకుని లోపలికొచ్చి, "ఎటు పోవాలండి? చీకటి పడితే ఆ రోడ్డు బాగోదు" అన్నాడు. ఒక్కొక్కరే తిరిగి నా వైపు చూశారు. ఆ మండలంలో ఏ పొలం ఎవరిదో, ఎంతకు వస్తుందో, ఎవరు అవసరంలో ఉన్నారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అతను ఇంకోసారి అడిగాడు, ఈసారి నన్నే.